పనిముట్టు ఎవరు తెచ్చుకోవాలి? - ‘బైసికిల్ థీవ్స్’ సినిమా గురించి

‘బైసికిల్ థీవ్స్’ పేరెత్తగానే చాలామందికి ఏడుపు గుర్తొస్తుంది. తండ్రి ఏడుపు, కొడుకు ఏడుపు, చివర ఇద్దరూ చెయ్యి పట్టుకొని జనంలో కలిసి నడిచిపోవడం. సినిమా చూసి కళ్లు తుడుచుకున్న వాళ్లే దాన్ని ‘మానవతా కావ్యం’ అన్నారు. ఆ మాటతో సినిమాను పొగిడినట్టూ అయింది, దాని పదును తీసేసినట్టూ అయింది. జాలి కథలు లోకంలో కొల్లలు. 1948లో విత్తోరియో డి సికా తీసిన ఈ నలుపు తెలుపు సినిమా డెబ్బయి ఐదేళ్లు దాటినా ఇంకా నిలబడి ఉన్నదంటే జాలి ఒక్కటే కారణం కాదు. పని అంటే ఏమిటి, పనిముట్టు ఎవరిది, అది పోతే ఆ నష్టం ఎవరి లెక్కలో రాసుకుంటారు అనే సంగతిని ఇంత విడమరిచి చూపిన సినిమాలు తక్కువ.

మొదటి దృశ్యం చూడండి. రోము నగరం శివార్లలో వాల్ మెలైనా అనే కాలనీ. పని దొరకని మగవాళ్లంతా ఒక భవనం మెట్ల దగ్గర గుమిగూడి ఉన్నారు. ఉపాధి కార్యాలయం గుమాస్తా జాబితా చూసి పేర్లు పిలుస్తున్నాడు. ఆంతోనియో రిచ్చి అనేవాడు ఆ గుంపులో కూడా లేడు. ఆశ వదులుకొని దూరంగా కూర్చొని ఉన్నాడు. ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్తే లేచొచ్చాడు. గోడలకు పోస్టర్లు అంటించే పని, మునిసిపాలిటీ పని, నెలజీతం. కానీ సైకిలు ఉండాలి. సైకిలు లేకపోతే పని లేదు. ‘ఉన్నది, లేదు’ అన్నట్టు నసుగుతాడు ఆంతోనియో. ఉన్న సైకిలు తాకట్టులో ఉన్నది మరి. వెంటనే గుంపులోంచి ‘నా దగ్గర ఉంది’ ‘నాకూ ఉంది’ అని అరుపులు. వాళ్లు తాపీ పనివాళ్ల జాబితాలో ఉన్నారు గనక గుమాస్తా ఒప్పుకోడు. అయినా ఆ అరుపులు వింటూ ఆంతోనియో ఇక లేదని చెప్పలేడు.

కథ మొత్తం ఈ రెండు నిమిషాల్లో ఉంది. పని మునిసిపాలిటీది. గోడలు ఊరివి. పోస్టరు మీద నవ్వుతున్న హాలీవుడ్ తార రీటా హేవర్త్. లాభం సినిమా కంపెనీది. సైకిలు మాత్రం కూలివాడు తెచ్చుకోవాలి. నిచ్చెన, బకెట్టు, కుంచె, టోపీ ఆఫీసు ఇస్తుంది గానీ, అసలు ఖరీదైన వస్తువు ఇవ్వదు. ఎందుకివ్వదని సినిమాలో ఎవరూ అడగరు. ఆంతోనియో కూడా అడగడు. అడగక్కర్లేనంత మామూలు సంగతిగా అది నడిచిపోతుంది. ఈనాడు ఇంటింటికీ తిండి చేరవేసే కుర్రవాడు సొంత బండి, సొంత ఫోను, సొంత పెట్రోలు పెట్టుకొని పనిలో చేరుతున్నాడు గదా, అక్కడా ఎవరూ అడగడం లేదు. ఇంగ్లండులో కెన్ లోచ్ 2019లో తీసిన ‘సారీ వియ్ మిస్డ్ యూ’లో సరుకులు చేరవేసే పనికోసం వ్యాను కొనాల్సివచ్చి ఇంట్లో ఉన్న కారు అమ్ముకుంటారు. ఆ కారు భార్య తన పనికి తిరిగేది. లోచ్‌కు ‘బైసికిల్ థీవ్స్’ ఎంత ఇష్టమో ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆంతోనియో ఇంట్లో ఆ పెట్టుబడి పెట్టింది కూడా భార్యే. మరియా రెండు చేతుల్లో నీళ్ల బకెట్లు మోసుకొస్తూ కనబడుతుంది. కాలనీ కొత్తదే గాని ఇళ్లలో నీళ్లు లేవు, ఆడవాళ్లు పంపు దగ్గర నిలబడాలి. భర్త పని సంగతి, సైకిలు సంగతి చెప్పి నెత్తి కొట్టుకుంటుంటే ఆమె ఉపన్యాసం చెప్పదు. మంచం మీది పక్కదుప్పట్లు లాగేస్తుంది, పెట్టెలో ఉన్నవీ తీస్తుంది. అవి ఆమె పెళ్లినాటివి. దుప్పటి లేకుండా పడుకుంటే చావము గదా అన్నట్టు ఉంటుంది ఆమె తీరు. తాకట్టు కొట్టులో బేరమాడి 7,500 లీరాలు రాబడుతుంది. దాంతో సైకిలు విడిపించుకుంటారు.

ఇక్కడే డి సికా ఒక పని చేశాడు. తాకట్టు కొట్టు మనిషి ఈ దుప్పట్ల మూట తీసుకొని లోపలికి పోతాడు. అక్కడ బీరువాల వంటి అరలు నేలనుంచి పైకప్పు దాకా ఉన్నాయి. అతను నిచ్చెన లాగా పట్టుకొని ఎక్కుతూ ఉంటాడు. కెమెరా అతన్ని వెంబడిస్తూ పైకి, ఇంకా పైకి పోతుంది. అన్ని అరల్లోనూ మూటలే. రోము నగరంలో ఎన్ని ఇళ్లలో దుప్పట్లు లేకుండా పడుకుంటున్నారో ఎవరూ నోటితో చెప్పలేదు. లెక్కలు, పట్టికలు వేసి చెప్పినా ఇంత బాగా అర్థం కాదు. నా దృష్టిలో సినిమా మొత్తంలో గొప్ప దృశ్యం ఇదే, చివరి ఏడుపు కాదు.

అయితే మరియాకు సినిమా న్యాయం చేసిందా అంటే చేయలేదనే అనాలి. సైకిలు తెప్పించింది ఆమె. సైకిలు పోయిన రాత్రి భర్తను వెతుక్కుంటూ వచ్చిందీ ఆమె. తెల్లారేసరికి ఆమెను ఇంట్లో వదిలేసి కథ తండ్రీకొడుకుల వెంట పోతుంది. మళ్లీ ఆమె కనబడదు. ఆ ఆదివారమంతా ఇంట్లో పసిబిడ్డతో ఆమె ఏం చేసి ఉంటుందనేది సినిమాకు పట్టలేదు.

కాలం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ముస్సోలినీ పాలన కూలి, 1944 జూన్‌లో రోము నగరం జర్మన్ల చేతిలోంచి బయటపడింది. సినిమా స్టూడియో చినెచిత్తా యుద్ధం తర్వాత ఇళ్లు లేని శరణార్థుల శిబిరమైంది. స్టూడియో లేనప్పుడు వీధిలోనే తీయాలి. రాబర్తో రోసెల్లినీ ‘రోమ్, ఓపెన్ సిటీ’ (1945) అట్లాగే వచ్చింది. దీన్నే ‘నియోరియలిజం’ అన్నారు. వాల్ మెలైనా వంటి శివారు కాలనీలు ఫాసిస్టుల కాలంలో కట్టినవి. పేదవాళ్లను ఊరి నడిమధ్య నుంచి తీసుకుపోయి దూరంగా పెట్టడానికి అట్లాంటివి పనికొచ్చాయి. అంత దూరం నుంచి పనికి రావాలంటే సైకిలే గతి. మరి ఆంతోనియో సైకిలు మీద కంపెనీ పేరు ‘ఫీదెస్’ అని ఉంటుంది. లాటిన్‌లో దానర్థం విశ్వాసం. వ్యంగ్యం కోసమే పెట్టారని విమర్శకులు రాశారు, అయి ఉండవచ్చు. 1948 ఏప్రిల్ ఎన్నికల్లో కమ్యూనిస్టులూ సోషలిస్టులూ కలిసి పోటీచేసి ఓడిపోయారు, క్రిస్టియన్ డెమోక్రాట్లు గెలిచారు. ఆ ఏడాది చివర్లో, నవంబరులో సినిమా విడుదలైంది. యుద్ధం అయిపోగానే పుట్టిన ఆశ అప్పటికే చల్లబడింది. సినిమాలో ఆ చల్లదనం తగులుతుంది.

కథ లుయీజి బార్తొలీని 1946లో రాసిన నవల నుంచి తీసుకున్నారు. నవలలో సైకిలు పోగొట్టుకున్నది కూలివాడు కాదు, ఒక చిత్రకారుడు. సైకిలు లేకపోతే అతని బతుకు ఆగిపోదు. దొంగల వీధుల్లో తిరుగుతూ లోకాన్ని ఈసడించుకుంటాడు. రచయిత చెజారె జవత్తీని, డి సికా, సూసో చెక్కీ దమీకో తదితరులు కలిసి స్క్రిప్టు తయారుచేసినప్పుడు పేరూ, పోయిన సైకిలూ, వెతుకులాటా ఉంచి మనిషిని మార్చేశారు. బార్తొలీనికి ఇది అస్సలు నచ్చలేదు. నచ్చకపోవడంలో ఆశ్చర్యమేముంది? దొంగల్ని చూసి ముక్కు మూసుకునే పెద్దమనిషి స్థానంలో, దొంగతనం చేయడానికి దిగజారిపోయే కూలివాణ్ణి పెట్టారు. చూసే చూపే తిరగబడింది.

సైకిలు పోయిన తర్వాత ఆంతోనియో ఎవరెవరి దగ్గరికి పోయాడన్నది వరసగా గమనించాలి. మొదట పోలీసు స్టేషను. ఫిర్యాదు రాసుకున్నారు, ఇక నువ్వే వెతుక్కో అన్నారు. విలేకరి వచ్చి ఏమన్నా విశేషముందా అని అడిగితే, ఏమీ లేదు, ఒక సైకిలు అంతే అన్నట్టు అధికారి జవాబు. ఆంతోనియోకు పోయింది బతుకు, రికార్డులో అది విశేషం కాదు. తర్వాత కార్మికుల సమావేశ స్థలం. అక్కడ ఒకాయన నిరుద్యోగం గురించే మాట్లాడుతున్నాడు, నిశ్శబ్దంగా ఉండమంటున్నాడు. నిరుద్యోగి అయ్యే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, గొడవ చేయొద్దని గద్దిస్తున్నారు. పక్కనే నాటకం రిహార్సలు. తర్వాత చర్చి. భక్తి చేసిన పేదవాళ్లకు గడ్డం గీసి, సూపు పోస్తారు. ఆంతోనియో ఒక ముసలివాణ్ణి పట్టుకొని అడ్రసు చెప్పమని బతిమిలాడుతుంటే, ప్రార్థన మధ్య అల్లరి చేయొద్దని పెద్దమనుషులు మందలిస్తారు. చివరికి సోదె చెప్పే ఆమె దగ్గరకీ పోతాడు. మొదట్లో మరియా ఆమెకు డబ్బు ఇవ్వడానికి పోతే ఎగతాళి చేసినవాడే. ఇప్పుడే దొరుకుతుంది, లేకపోతే ఎన్నటికీ దొరకదు అని ఆమె చెప్తుంది. అంత మాటకు డబ్బు తీసుకుంది. నిజానికి ఆమె చెప్పింది మిగతా అందరూ చెప్పిందే, ఆమె కాస్త పొట్టిగా చెప్పింది.

సంస్థలన్నీ చెడ్డవి అని సినిమా అనలేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు. పోలీసు కొట్టలేదు, చర్చి తరిమేయలేదు. ప్రతి ఒక్కరూ తమ పని తాము చేస్తున్నారు, వాళ్ల పనిలో ఆంతోనియో సైకిలు లేదు. అది అతని సొంత వ్యవహారం. పనికి సైకిలు తప్పనిసరి అన్నప్పుడు అది ఉద్యోగపు షరతు, పోయినప్పుడు మాత్రం సొంత వ్యవహారం.

అతనికి సాయం వచ్చింది ఒక్క చోటు నుంచి. బయొక్కో అనే స్నేహితుడు రోడ్లు ఊడ్చి చెత్త ఎత్తే కార్మికుడు. తెల్లవారుజామున తోటి పనివాళ్లతో చెత్తబండి వేసుకొని వస్తాడు. తండ్రీకొడుకుల్ని ఎక్కించుకొని పియాజ్జా విత్తోరియో సంతకు తీసుకుపోతాడు. దొంగిలించిన సైకిళ్లు అక్కడ విడివిడి భాగాలుగా అమ్ముతారు. నువ్వు ఫ్రేములు చూడు, నువ్వు టైర్లు చూడు, పిల్లవాడు పంపులూ గంటలూ చూస్తాడు అని బయొక్కో పని పంచుతాడు. పోయిన వస్తువు ఒకటి, వెతకాల్సింది ముక్కలు ముక్కలు. ఆ సంతలో వందలాది ఫ్రేములు, వరసలు వరసలుగా గంటలు చూస్తే మనకే కళ్లు తిరుగుతాయి. ఇటలీలో చెత్త ఎత్తే పని పుట్టుకతో రాదు. కాబట్టి మన దగ్గరి అర్థాన్ని అక్కడ అంటించడం తప్పు. కానీ ఆదివారం సెలవు నాడు కూడా ఊరు ఊడ్చేవాళ్లే ముందుగా లేచి వచ్చారన్నది మన పాఠకుల కంట పడకుండా పోదు. విమర్శకులు ఈ బయొక్కో గురించి రాసింది ఎందుకో చాలా తక్కువ.

ఇక దొంగ ఇల్లు. ఎట్లాగో అట్లా కుర్రవాణ్ణి పట్టుకుంటాడు ఆంతోనియో. అప్పటిదాకా మనం కూడా ఆ కుర్రవాడి మీద పళ్లు నూరుతుంటాం. వాడు మూర్ఛ వచ్చి నేలమీద పడతాడు, నిజం మూర్ఛో నటనో తెలియదు. వీధి వీధంతా వాడి వైపు నిలబడుతుంది. పోలీసుతో లోపలికి పోతే ఒక్క గది, తల్లి పొయ్యి దగ్గర. ఆంతోనియో ఇల్లు ఇంతకన్నా నయం. సాక్షి లేడు, వస్తువు లేదు, కేసు పెడితే నిలబడదు అంటాడు పోలీసు. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ 1949లో రాసిన వ్యాసంలో ఇదే పట్టుకున్నాడు. ఈ లోకంలో బతకడానికి పేదవాళ్లు ఒకరినొకరు దోచుకోవాల్సిందే అనేది సినిమా ప్రతిపాదన అనీ, దాన్ని ఎక్కడా ప్రతిపాదనగా చెప్పకుండా సంఘటనల్లోనే ఉంచారనీ ఆయన వాదం. గత పదేళ్లలో వచ్చిన నికార్సయిన కమ్యూనిస్టు సినిమా ఇదొక్కటే అన్నాడు. ఇటలీ కమ్యూనిస్టుల్లో కొందరికి మాత్రం ఇది చాలలేదు. కార్మికుడు ఒంటరిగా తిరుగుతున్నాడు, సంఘటితం కావడం చూపలేదు అన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఆంతోనియో పక్క మనిషిని నమ్మేవాడు కాదు, వేషం చూస్తే తెలుస్తుంది. సినిమా అతన్ని వీరుడిగా నిలబెట్టలేదు.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇటాలియన్‌లో పేరు ‘లాద్రి ది బిచిక్లెట్టె’, అంటే సైకిలు దొంగలు, బహువచనం. అమెరికాలో విడుదల చేసినవాళ్లు దాన్ని ‘ది బైసికిల్ థీఫ్’ అని ఏకవచనం చేశారు. ఒక్కడే దొంగ అన్నట్టు. ఈ ఒక్క అక్షరం మార్పుతో కథ అర్థమే మారిపోయింది, ఎందుకంటే రెండో దొంగ ఆంతోనియోనే గదా.

ఫుట్‌బాల్ మైదానం బయట వరసలుగా నిలబెట్టిన సైకిళ్లు. లోపల కేకలు. కాస్త దూరంలో ఒక గుమ్మం పక్కన ఒంటరిగా ఒక సైకిలు. కొడుకు బ్రూనోను ట్రాము ఎక్కి పొమ్మని డబ్బులిచ్చి, తను ఆ సైకిలు ఎక్కుతాడు. వెంటనే సొంతదారు ‘దొంగ, దొంగ’ అని అరుస్తాడు. ఇక్కడ సినిమా మొదట్లో జరిగిన దొంగతనం గుర్తు చేసుకోవాలి. అప్పుడు ఆంతోనియో కూడా ఇదే కేక వేశాడు. ఎవరూ పట్టుకోలేదు. పైగా దొంగకు తోడున్నవాడు ఒకడు అతన్ని తప్పుదారి పట్టించాడు. ఇప్పుడు అదే కేకకు ఎక్కడెక్కడి జనమో పరిగెత్తి వచ్చారు, పట్టుకున్నారు, కొట్టారు, టోపీ కింద పడగొట్టారు. ట్రాము తప్పిపోయిన బ్రూనో ఇదంతా చూస్తాడు. జనం కాళ్ల మధ్య దూరి తండ్రి కోటు పట్టుకొని ఏడుస్తాడు. కింద పడిన టోపీ తీసి దుమ్ము దులుపుతాడు. పిల్లవాణ్ణి చూసి సొంతదారు మనసు మార్చుకుంటాడు, పోనీయండి అంటాడు. కొడుక్కి ఎంత మంచి పాఠం నేర్పుతున్నావు అని ఒకడు ఎగతాళి చేస్తాడు.

వదిలేశారు గాబట్టి మంచి ముగింపు అనుకునేవాళ్లున్నారు. నాకట్లా అనిపించదు. జైల్లో వేస్తే శిక్ష అని ఒకటి ఉండేది, దానికి ఒక లెక్క ఉండేది. వదిలేయడంతో అతనికి మిగిలింది దయ. ఆ దయ కొడుకు కళ్ల ముందు దొరికింది. నలుగురిలో అవమానపడటం, తన బిడ్డ చూస్తుండగా పడటం, ఆ తర్వాత ఏమీ జరగనట్టు ఇంటికి నడిచిపోవాల్సి రావడం ఏమిటో తెలిసినవాళ్లకు ఈ రెండు నిమిషాలు చాలు. బ్రూనో చెయ్యి పట్టుకుంటాడు. క్షమించాడా, ఓదార్చాడా, భయపడ్డాడా? సినిమా చెప్పదు. మామూలుగా మన సినిమాల్లోనైతే పాట వస్తుంది.

సినిమా బయట జరిగింది కూడా ఈ కథకు సంబంధించిందే. ఆంతోనియో వేషం కోసం హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ డబ్బు పెడతానన్నాడు, కాకపోతే నటుడు కేరీ గ్రాంట్ అయి ఉండాలన్నాడు. డి సికా ఒప్పుకోక వేరే చోట డబ్బు సమకూర్చుకున్నాడు. తీసుకున్నది బ్రెడా ఫ్యాక్టరీలో పనిచేసే లాంబెర్తో మజ్జొరానిని. అసలు అతను తన కొడుకును బ్రూనో వేషానికి చూపించుకోవడానికి వచ్చాడు. కొడుకును కాదని తండ్రిని ఎంచుకున్నారు. బ్రూనోగా వేసిన ఎంజో స్తయోలా నడక చూసి డి సికా ఇష్టపడ్డాడట. ఆయన పెద్దయ్యాక లెక్కల టీచరయ్యాడు, 2025లో చనిపోయాడు. మరియాగా వేసిన లియనెల్లా కరెల్ డి సికాను ఇంటర్వ్యూ చేయడానికి వచ్చిన విలేకరి. మజ్జొరాని మాత్రం షూటింగు అయ్యాక ఫ్యాక్టరీకి తిరిగిపోయాడు. ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించినప్పుడు ఉద్యోగం పోయింది. తాపీ పని చేశాడు, చిన్నాచితకా వేషాలు వేశాడు, 1983లో చనిపోయాడు. పసోలినీ 1962లో తీసిన ‘మమ్మా రోమా’లో ఆసుపత్రి మంచం మీద రోగిగా కనబడతాడు, రేడియో పోగొట్టుకునేది అతనే. నిజమైన కార్మికుణ్ణి తెర మీదికి తెచ్చాం అని నియోరియలిజం గొప్పగా చెప్పుకుంది, అది గొప్పే. తెర దిగిన కార్మికుడు ఏమయ్యాడనే ప్రశ్నకు ఆ ఉద్యమం దగ్గర జవాబు లేదు.

సినిమాకు పేరు మాత్రం గట్టిగా వచ్చింది. 1950లో ఆస్కార్ వాళ్లు ప్రత్యేక గౌరవ పురస్కారం ఇచ్చారు. 1952లో బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ విమర్శకుల అభిప్రాయాలు సేకరిస్తే లోకంలో ఉత్తమ చిత్రంగా ఇదే మొదటి స్థానంలో నిలిచింది. అదే అమెరికాలో నీతి ముద్ర వేసే హాలీవుడ్ అధికారి జోసెఫ్ బ్రీన్, బ్రూనో గోడ పక్కన మూత్రానికి నిలబడే ముక్క, దొంగను తరుముతూ వేశ్యాగృహంలోకి పోయే ముక్క తీసేయమన్నాడు. డి సికా తీయలేదు, ముద్ర లేకుండానే ఆడింది. ఇటలీలో సినిమా వ్యవహారాలు చూసిన మంత్రిత్వ కార్యదర్శి జూలియో ఆంద్రెయోత్తి 1952లో, డి సికా ‘ఉంబెర్తో డి’ మీద బహిరంగ లేఖ రాసి, దేశం బాగుపడుతున్న సంగతి కూడా చూపాలని హితవు చెప్పాడు. పేదరికం కన్నా అది తెర మీద కనబడటమే దేశానికి పెద్ద నామోషీ అన్న ఆలోచన ఇటలీ ఒక్కదానిదే కాదు.

మన దేశానికి ఈ సినిమా 1952లో వచ్చింది. భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం మొదటిసారి ఆ ఏడు జనవరిలో బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తా తిరిగింది. అప్పటి తెలుగు సినిమావాళ్ల ఊరు కూడా మద్రాసే. అంతకు ముందే, 1950లో సత్యజిత్ రాయ్ లండన్‌లో దీన్ని చూసి ‘పథేర్ పాంచాలీ’ (1955) స్టూడియో బయట, కొత్త మొహాలతో తీయవచ్చని ధైర్యం తెచ్చుకున్నాడు. ఉత్సవంలో చూసిన బిమల్ రాయ్ 1953లో ‘దో బీఘా జమీన్’ తీశాడు. శంభు మహతో తన రెండు బీఘాల భూమి జమీందారు పాలు కాకుండా కాపాడుకోవడానికి కలకత్తా పోయి రిక్షా లాగుతాడు, కొడుకు బూట్లు పాలిష్ చేస్తాడు, కొడుకు దొంగతనం కూడా చేస్తాడు. మంచి సినిమా, బలరాజ్ సాహ్నీ పరుగు మరచిపోలేం.

కానీ ఇటలీ నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఒకటి మారింది. ఆంతోనియో దగ్గర పోగొట్టుకోవడానికి ఒక్క పనిముట్టు తప్ప ఏమీ లేదు. శంభు పోగొట్టుకున్నది భూమి, తాతల నాటిది. అతని దుఃఖం సొంతదారు దుఃఖం. ఊళ్లో రెండు బీఘాలు కూడా లేనివాళ్లు, తరతరాలుగా ఇతరుల భూమిలో పనిచేసి కరువొస్తే అందరికన్నా ముందు ఊరు వదిలినవాళ్లు ఆ సినిమాలో ఎక్కడున్నారు? నియోరియలిజం నుంచి వీధినీ, ఎండనూ, మేకప్ లేని మొహాన్నీ తీసుకున్న మన సినిమా, పేదవాడి బొమ్మగా చిన్న రైతును ఎంచుకుంది. అతని కులం ఏమిటన్నది పేరులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు వదిలేసింది. సైకిలు తాకట్టు పెట్టుకున్న మనిషిని కాదు, తాకట్టు పెట్టడానికి కూడా ఏమీ లేని మనిషిని మధ్యలో నిలబెట్టి కథ చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పుడు కూడా ఆ కథ ఎవరు చెప్పారు, ఎవరి చేత చెప్పించారు అనేది వేరే వ్యాసానికి సరిపడా సంగతి.